ఆ సంతకం పెట్టే మనిషికి ఎన్ని నిమిషాలు ఇస్తారు?

ఏలూరు,
6 మార్చి 2025

చి. సుధకు పెదనాన్న ఆశీస్సులు.

కృత్రిమ మేధ విధానం మీద అమెరికా ప్రభుత్వం ప్రజల అభిప్రాయం అడిగిందనీ, దేశ రక్షణలో దాని ప్రమాదాల గురించి నువ్వు రాయబోతున్నావనీ మీ నాన్న చెప్పాడు. ముందు గుండె గుభేలుమంది. వీసా మీద ఉన్న పిల్లవి! తర్వాత మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పుకున్నాను, కాఫీ చల్లారిపోయినా.

గడువు మార్చి 15. చివరి రోజుదాకా ఆగకు. నీ కంపెనీ సంగతులు ఒక్కటీ రాయకు. ఈ పత్రాన్ని బహిరంగపరచవచ్చని నీ చేతే రాయిస్తారట, అంటే అది ఎవరి కంటైనా పడుతుంది. 2015లో ఇంటర్నెట్ సమానత్వం మీద మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి 10 లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్తే, పంపినవాళ్ల చిరునామాలతో సహా అందరికీ కనపడేలా పెట్టేశారు. నీ ఫోను నంబరు అందులో పెట్టావంటే ఊరుకోను. వీసా సంగతి ఒక వకీలును అడుగు. మానుకోమనడం లేదు, అడగమంటున్నాను. ఎవరో రాసిచ్చిన నమూనా ఉత్తరం మాత్రం పంపకు. 2017లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థకు వచ్చిన 2.2 కోట్ల అభిప్రాయాల్లో దాదాపు 1.8 కోట్లు బూటకమని న్యూయార్క్ అటార్నీ జనరల్ తేల్చారు కదా.

ఇక అసలు సంగతి. 'ఆయుధం విషయంలో ఆఖరి నిర్ణయం మనిషిదే కావాలి' అని రాశావట. వాళ్ల రక్షణ శాఖ 2012లో ఇచ్చి 2023లో సవరించిన ఆదేశంలోనే, మనిషి విచక్షణ తగినంత ఉండాలని ఉంది. ఆ మనిషి ఎలా ఉంటాడో నాకు తెలుసు. నేనే ఆ మనిషిని.

1988లో డెల్టాలో ఒక రోడ్డు ఎత్తు పెంచుతూ మా కార్యాలయం అభ్యంతరాలు పిలిచింది. రెండు వందల పైచిలుకు వచ్చాయి. జూనియర్ కుర్రాడు వాటిని కట్టలు కట్టాడు: 'నష్టపరిహారం', 'రోడ్డు వద్దు', 'సాధారణం'. నేను సరిచూసి సంతకం పెట్టాలి. 'సాధారణం' కట్టలో పెన్సిలుతో రాసిన పోస్టుకార్డు ఒకటి ఉంది. 'సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మురుగు కాల్వ నీళ్లు వెనక్కి తంతాయి, ఒక్క తూము చాలదు' అని. చదవలేదని చెప్పగలిగితే బాగుండేది. చదివాను. అప్పటికే ఐదున్నర. పట్టిక టైపు అయిపోయింది, మళ్లీ కొట్టించాలంటే సూపరింటెండెంటు మొహం చూడాలి. కుర్రాడు విడదీశాడు కదా, సరిగ్గానే ఉంటుందనుకున్నాను. సంతకం పెట్టేశాను.

రెండేళ్లకు కురిసిన వానలకు రోడ్డుకు ఎగువన వరి పదకొండు రోజులు నీళ్లలో నానింది. ఆ కార్డు రాసిన రైతు వచ్చాడు. తిట్టలేదు. 'నా కార్డు అందిందా బాబూ?' అని అడిగాడు. ఇన్‌వార్డు రిజిస్టరు తెరిచి నంబరు చూపించాను. అందింది మరి.

కాబట్టి మనిషి ఉండాలని రాసి ఊరుకోకు, పిచ్చిదానా. ఒక్కో హెచ్చరిక చూడటానికి ఆ మనిషికి ఎన్ని నిమిషాలు ఇస్తారో అడుగు. ఒక షిఫ్టులో ఎన్ని చూడాలి? యంత్రం పక్కన పడేసినదాన్ని తెరిచి చూసే వీలుందా? కాదన్నవాడి ఉద్యోగం ఏమవుతుంది? పెట్రోవ్ కథ అందరూ రాస్తారు. 1983లో ఐదు క్షిపణులు వస్తున్నాయని కంప్యూటర్ మొత్తుకున్నా నమ్మని ఆ సోవియట్ అధికారి మహానుభావుడే. అందరూ పెట్రోవ్‌లు కారు, నాలాంటివాళ్లే ఎక్కువ. సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పావు చూడు, అలారం వందోసారి మోగేసరికి చూడకుండానే నొక్కేశానని, అది రాయి. కంపెనీ సంగతులు వద్దన్నది నేనే, కానీ ఇది నీ వేలు సంగతి. పేరూ, పని వివరమూ లేకుండా రాయి.

వచ్చిన ఉత్తరాలను కూడా ఇప్పుడు యంత్రాలే కట్టలు కడతాయేమోనని నా భయం. అందుకే నీ కోరిక మొదటి పేరాలోనే పెట్టు.

రాత్రిళ్లు మేలుకుని రాయకు. పంపాక ఒక కాపీ పెద్ద అక్షరాల్లో నాకు పోస్టు చెయ్యి, ఫోనులో నాకు కనపడదు. అందగానే కాదు, చదివాక ఫోను చేస్తాను.

మీ పెదనాన్న