డ్యూకుల కథలు రాస్తానంటోంది, ఏం చదివించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్. మెడిసిన్ వద్దంటోంది. బ్రిడ్జర్టన్ సిరీస్ చూసినప్పటి నుంచి పాతకాలపు ఇంగ్లండ్ ప్రభువుల మీద నవలలు రాస్తానని ఒకటే గొడవ. కెమిస్ట్రీ నోట్‌బుక్ నిండా గుర్రబ్బండ్ల పేర్లు, గౌన్ల బొమ్మలే. కోపమొచ్చి ఆ పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇంగ్లండ్‌లో క్రియేటివ్ రైటింగ్ డిగ్రీ మంచిదా, ఇక్కడ బీఏ మంచిదా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: సినిమా, క్రికెట్, ఫొటోగ్రఫీ అనే పిల్లల తల్లిదండ్రులు కూడా నన్ను ఇలాగే రెండు కోర్సుల పేర్లు చెప్పి ఏది మంచిదని అడుగుతారు. లోపలున్న భయం మాత్రం ఒక్కటే, రేపు బిడ్డ ఎలా బతుకుతుందని. ముందు దాని సంగతి చూద్దాం.

నవలల మీదే బతకడం కష్టం. బ్రిటన్‌లో రచయితల ఆదాయం మీద 2022లో వచ్చిన సర్వే ప్రకారం, రాయడమే ప్రధాన వృత్తిగా ఉన్నవాళ్లలో సగం మందికి ఏడాదికి 7,000 పౌండ్లు కూడా రావడం లేదు. 2006లో ఈ అంకె 12,330. ఇది అమ్మాయికీ చూపించండి, బెదిరించడానికి మాత్రం వాడకండి. బ్రిడ్జర్టన్ నవలలు రాసిన జూలియా క్విన్ యేల్‌లో మెడిసిన్ వదిలేసిందని తను మీతో ఈపాటికి వాదించే ఉంటుంది. నిజమే. కానీ ఆవిడ సీటు వదిలేసింది తన నవలలు అమ్ముడుపోయాక!

ఇక ఇంగ్లండ్ డిగ్రీ. దాని మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీలో 1970లో మొదలైన కోర్సు నుంచి మెక్యూవన్, ఇషిగురో లాంటి పేరున్న నవలా రచయితలు వచ్చారు, కాదనను. అయితే అది పీజీ కోర్సు, వాళ్లు అప్పటికే డిగ్రీ చదివినవాళ్లు. పద్దెనిమిదేళ్ల పిల్లకు డిగ్రీ క్లాసులో దొరికేది రాసింది చదివి మాట్లాడే నలుగురు మనుషులు, ఒక డెడ్‌లైన్. 1815లో డ్యూక్ ఇంట్లో కొవ్వొత్తికి ఎంత ఖర్చయ్యేదో అక్కడెవరూ చెప్పరు. మూడేళ్లకు ఫీజు, ఖర్చులు కలిపి అరకోటి దాటుతుంది. ఇల్లు తాకట్టు పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి.

ఈ తరహా నవలలకు దారి వేసిన జార్జెట్ హేయర్ కాలేజీ మెట్లే ఎక్కలేదు. జబ్బుపడ్డ తమ్ముడికి కాలక్షేపం కోసం చెప్పిన కథే 1921లో ఆవిడ మొదటి నవలగా వచ్చింది. అప్పటికి ఆవిడకు పంతొమ్మిదేళ్లు. 1925లో తండ్రి పోయాక తమ్ముళ్ల బాధ్యత కూడా మీద పడింది. అందుకే చాలాకాలం పాటు దాదాపు ఏటా ఒక ప్రేమకథ, ఒక డిటెక్టివ్ నవల రాసింది. పత్రికలకు ఇంటర్వ్యూలు ఇచ్చేది కాదు. మరి ఆవిడ నోట్‌బుక్కుల్లో ఏముండేదో తెలుసా? బట్టలు, బండ్లు, వస్తువుల ధరలు, అప్పటి జనం వాడిన యాస మాటలు. మీరు బీరువాలో పెట్టి తాళం వేసింది అలాంటి పుస్తకమే సార్. ఫిజిక్స్‌లో మార్కులు తగ్గితే ట్యూషన్ పెట్టించే మీరు, పిల్ల తనంతట తానే చేసిన హోంవర్కును దాచేస్తారా? నాకు కాస్త కోపం వచ్చింది, ఏమీ అనుకోకండి.

పోలిక అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇక్కడే హిస్టరీ గానీ ఇంగ్లిష్ గానీ చదివించండి. హెచ్‌సీయూలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ ఉంది. టీచింగో, ఎడిటింగో చేసుకుంటూ రాత్రిళ్లు రాసుకుంటుంది. ఇద్దరికీ టెన్షన్ తగ్గుతుంది. అయిదేళ్ల తర్వాత కూడా ఆ పిచ్చి తగ్గకపోతే అప్పుడు విదేశాల మాట ఆలోచించవచ్చు.

ఇంకోటి. ఆ గౌన్లూ డాన్సులూ పైపై హంగులే. లోపల నడిచేదంతా ఆస్తి, కట్నం, సంబంధాలు. టైటిలూ ఎస్టేటూ పెద్దకొడుక్కి పోతాయి, మిగతా పిల్లలు దిక్కులు చూస్తారు. మన జమీందారీల్లోనూ చాలాచోట్ల ఇదే పద్ధతి. అంటే ఈ సబ్జెక్టులో మీరు కూడా వీక్ కాదు.

రాత్రి భోజనాల దగ్గర ఆ నోట్‌బుక్ తిరిగి ఇచ్చేసి ఒక్క ప్రశ్న అడగండి: "డ్యూక్ గారి రెండో కొడుకు ఎలా బతికేవాడమ్మా?" సైన్యంలో ఆఫీసర్ పదవి డబ్బు పెట్టి కొనుక్కోవడం, చర్చిలో ఉద్యోగం, లా చదవడం, ఆస్తి ఉన్న పిల్లను చేసుకోవడం... ఇలా చెప్పుకుంటూ పోతే మధ్యలో ఆపకండి. తెలియదంటే లైబ్రరీకి మీరే తీసుకెళ్లండి.