నెమ్మదిగా సాగే సోలోకు కమాను చేయి

అమ్మాయీ,

స్ట్రింగ్ (తీగవాద్యాల) ఆర్కెస్ట్రాతో నీ సెల్లో మీద రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ ‘అందాంతే కంతాబిలే’ వాయించబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. నాలుగు తీగవాద్యాల కోసం 1871లో రాసిన తన మొదటి స్ట్రింగ్ క్వార్టెట్‌లోని ఆ భాగాన్ని ఆయనే 1888 ప్రాంతంలో సెల్లో సోలోగా మలిచాడు. ఎడమచేతి వేళ్లకు అందులో మరీ వేగమైన పని లేదు. భారమంతా కమాను పట్టిన చేతిదే.

ముందు పెన్సిల్ తీసుకుని, ఒక్కో సంగీతవాక్యం కమానులో ఎక్కడ మొదలై ఎక్కడికి చేరాలో గుర్తు పెట్టుకో. చాలామంది తొలి స్వరానికే సగం కమాను ఖర్చు చేసేస్తారు. తీరా వాక్యం ఎదగవలసిన చోట చేతిలో ఏమీ మిగలదు. ఒకే కమానులో కలిపి వాయించమనే పొడవైన స్లర్‌ను రెండు కమానులుగా విడగొట్టడానికి మొహమాటపడకు. కమాను దిశ మారడం వినబడకపోతే చాలు.

నీ భాగంలో ‘పియానో’ (తక్కువ శబ్దంతో) అని రాసి ఉన్నా, వెనుక ఉన్నవాళ్ల పియానో వేరు, నీది వేరు. సెల్లో పాడే స్థాయిలోనే వయోలాలు, ఆర్కెస్ట్రా సెల్లోలు కూడా ఉంటాయి కాబట్టి నీ స్వరం వాటిలో సులువుగా కలిసిపోతుంది. అలాగని తీగను నొక్కకు, నాదం బిగుసుకుపోతుంది. కమానును కాస్త బ్రిడ్జి (తీగలను మోసే చెక్క) వైపు జరిపి, వేగం తగ్గించి, చేతి బరువును తీగమీద వదిలెయ్యి. వేళ్లు నొక్కే ఫింగర్‌బోర్డు దగ్గర వేగంగా లాగితే నీ చెవికి తీయగానే ఉంటుంది కానీ హాలు చివరిదాకా చేరదు. అప్పటికీ మునిగిపోతుంటే వెనుకవాళ్లను తగ్గించమని కండక్టర్‌ను అడుగు. అది నీ హక్కు.

క్వార్టెట్‌లో బి ఫ్లాట్ మేజర్ స్వరశ్రేణిలో ఉన్న ప్రధాన రాగం ఇక్కడ బి మేజర్‌లో ఉంటుంది. ఆ స్వరాల్లో సెల్లో ఖాళీ తీగ (వేలు నొక్కకుండా మోగే తీగ) ఒక్కటీ లేదు. శ్రుతి సరిచూసుకోవడానికి ఆసరా గానీ, పక్క తీగల అనునాదం గానీ పెద్దగా దొరకవు. అందుకే ఈ భాగాన్ని వైబ్రాటో (వేలి కంపనం) లేకుండా, ఆర్కెస్ట్రా బేస్ స్వరాన్ని ఎవరైనా పట్టి ఉంచగా, రోజూ కాసేపు సాధన చెయ్యి. నీ వాద్యంలో ఎఫ్ షార్ప్ చుట్టుపక్కల వుల్ఫ్ నోట్ (వాద్యం వణికి గరగరలాడే స్వరం) ఉంటే ముందే కనిపెట్టు. మోకాళ్లతో కాస్త బిగించి పట్టుకుంటే చాలావరకు అణుగుతుంది.

వైబ్రాటో ప్రతి స్వరానికీ ఒకే మోతాదులో పోయకు. వేలు జార్చి చేరుకునే స్వరాలు ఒకటి రెండుంటే అందం, ప్రతిచోటా జారితే వినలేం.

లయ సంగతి కొంచెం గట్టిగా చెబుతాను. ప్రధాన రాగంలో రెండు, మూడు లెక్కల కొలతలు మారిమారి వస్తాయి, నోటితో పాడి ఒంటికి పట్టించుకో. మధ్యలో కింద పిజ్జికాటో (కమాను లేకుండా వేలితో మీటడం) నడిచేటప్పుడు ఇష్టమొచ్చినట్టు సాగదీయకు. మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది, నీకోసం ఆగలేదు. వాక్యం మొదలుపెట్టే ముందు మొదటి వయొలిన్ల లీడర్‌కు కనబడేలా ఊపిరి తీసుకో. అందరూ నీతో కలుస్తారు.

రిహార్సల్‌లో ఒకసారి నమ్మకమైన చెవి ఉన్నవాళ్లను ఆఖరి వరుసలో కూర్చోబెట్టు. వాళ్లకు ఏది వినబడలేదో రాసుకుని నాకు పంపు, కమాను గుర్తులు ఇద్దరం కలిసి మళ్లీ చూద్దాం.

ఆశీస్సులతో.