రిగ్గుకు వెళ్లే హెలికాప్టర్‌కి పక్షి ఎక్కువ ప్రమాదమా, డ్రోనా?

మీ తమ్ముడు కొత్తగా ఆఫ్‌షోర్‌లో, అంటే సముద్రంలోని చమురు రిగ్గు మీద పనికి చేరుతున్నాడని, డ్రోన్ల భయం ఎక్కువగా ఉందని రాశారు కదా, నన్నడిగితే ముందు భయపడాల్సింది పక్షికే. కేజీ బేసిన్‌లో, అంటే కృష్ణా-గోదావరి చమురు, గ్యాస్ క్షేత్రాల్లో పనిచేస్తూ రాజమండ్రి నుంచి రిగ్గుకు హెలికాప్టర్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్నాను. నడిసముద్రంలో పెద్దగా ఏమీ ఎదురుకాదు, గండమంతా రొయ్యల చెరువులు, ఎండుచేపలు ఆరబెట్టే ఇసుక తిప్పలు ఉన్న తీరం దగ్గరే.

ఒకసారి డ్యూటీ దిగి వస్తున్నాం. తీరం కనపడింది, అందరి మనసూ ఇంటి మీదే ఉంది. ఉన్నట్టుండి హెలికాప్టర్ ముక్కు పైకి లేచింది, సీటుకు అతుక్కుపోయాం. నా కిటికీ పక్కనుంచే ఒక గరుడ పక్షి రెక్కలు ముడుచుకుని రాయిలా కిందికి జారింది. తెల్లటి తల, ఇటుకరంగు వీపు స్పష్టంగా కనపడేంత దగ్గర. పైప్రాణాలు పైనే పోయాయి. దిగాక పైలట్‌ గారిని అడిగితే, "పక్షి బెదిరితే చాలావరకు కిందికే దూకుతుంది, అందుకే నేను పైకి లేపాను" అన్నారు.

ఒక్క పక్షి ఏం చేస్తుందిలే అనుకోకండి. 2009 జనవరి 4న అమెరికాలోని లూసియానా తీరంలో ఆయిల్ ప్లాట్‌ఫామ్‌కు బయలుదేరిన సికోర్‌స్కీ ఎస్-76 హెలికాప్టర్‌ను దాదాపు 850 అడుగుల ఎత్తులో ఒక డేగ గుద్దింది. ఆ జాతి ఆడ డేగ బరువు కిలో పైచిలుకే. ఆ అదురుకు పైలట్ల తల మీదుండే ఇంజిన్ లివర్లు వెనక్కి జరిగి రెండు ఇంజిన్లకూ పవర్ పడిపోయింది. తొమ్మిది మందిలో ఎనిమిది మంది చనిపోయారు. పైలట్ల ముందు మొదట ఉన్న గాజు అద్దం తీసేసి తేలికైన యాక్రిలిక్ ప్లాస్టిక్‌ది బిగించారని దర్యాప్తులో తేలింది. బరువు కోసం అద్దం దగ్గర రాజీపడటమేంటండీ, తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మన దగ్గర ఇంకో దరిద్రం కోడి వ్యర్థాలు. చేపల మేతకని లారీల్లో తెచ్చి చెరువుల్లో పోస్తారు, మిగిలింది గట్టు మీదే. గద్దలు, కాకులు అక్కడే కాపురం. ఎయిర్‌పోర్టు చుట్టూ 10 కిలోమీటర్ల లోపు పక్షులు మూగేలా చెత్త వేయకూడదని ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌ 91వ నిబంధన ఎప్పటినుంచో చెబుతోంది. పట్టించుకునేదెవరు? పైలట్ ఎంత గట్టివాడైనా కింద మనం విందు పెడుతుంటే పైన ఆయన ఎన్నిసార్లు తప్పిస్తాడు?

డ్రోన్ సంగతంటారా, అదీ తక్కువేం కాదు. పక్షికైతే ప్రాణభయం ఉంటుంది, తప్పుకోవాలని చూస్తుంది, డ్రోన్‌కి అదీ లేదు. పైగా లోపల మోటార్లు, బ్యాటరీ. 2017 సెప్టెంబరులో న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్ పక్కన నీళ్ల మీద ఒక ఫాంటమ్ డ్రోన్ బ్లాక్‌హాక్ హెలికాప్టర్ రెక్కకు తగిలింది. ఎగరేసినవాడు రెండున్నర మైళ్ల దూరంలో ఉన్నాడు, గుద్దిన సంగతి అధికారులు ఫోన్ చేసేదాకా అతనికి తెలియదు. మన బీచ్‌లలో పెళ్లి షూటింగుల వాళ్లు డ్రోన్లకున్న 400 అడుగుల ఎత్తు హద్దును లెక్కచేయకుండా ఎగరేస్తుంటే నాకు అదే గుర్తొస్తుంది.

మీ తమ్ముడికి చెప్పండి: నీళ్లలో మునిగిన హెలికాప్టర్‌ నుంచి బయటపడే ట్రైనింగ్‌ను మొక్కుబడిగా చేయొద్దు. ఎక్కిన ప్రతిసారీ తన పక్క కిటికీ ఎటు తెరుచుకుంటుందో చేత్తో తడిమి చూసుకోవాలి, తీరం దాటేదాకా కునుకు తీయకూడదు.