నాలుగు గదులు తెరిచే ముందు

బరంపురం

అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. తాతగారి ఇంటికి ఆ లేత నీలం రంగు బాగానే కుదిరింది. కిటికీలకి కొత్త ఇనప ఊచలు వేయించినట్టున్నారు. గోపాల్‌పూర్ గాలికి అవి రెండో వానాకాలానికల్లా పొరలు పొరలుగా రాలతాయి. మీ తాత చెబితే నేను వినలేదు, నేను చెబితే నువ్వు వినవు. కనీసం మిగిలిన రెండు గదులకైనా టేకువి పెట్టించు.

గోపాల్‌పూర్‌లో ఆ ఇంటిని హోమ్‌స్టేగా తెరుస్తున్నావు, గదులు నింపడం ఎలాగని అడిగావు. ముప్పై ఏళ్ళు లాడ్జి నడిపాక నాకు తెలిసింది ఒక్కటే. గది నిండడం కాదు, వచ్చినవాళ్ళు ఇంకో రాత్రి ఉండడం ముఖ్యం. మన బరంపురం జనం సంగతి నీకు తెలుసు. పదహారు కిలోమీటర్లు బండి మీద వచ్చి, మొక్కజొన్న పొత్తు తిని, అలల ముందు ఫొటో దిగి ఎనిమిదింటికల్లా ఇంటికి పోతారు. వాళ్ళ వల్ల ఊరికి మిగిలేది పొత్తు డబ్బులు, కాస్త చెత్త. అదే కలకత్తా నుంచి రైలెక్కి వచ్చిన కుటుంబం మూడు రాత్రులుంటే ఆటోవాడికి, చాకలికి, చేపలమ్మే ఆవిడకి, టీ కొట్టుకి, అందరికీ కాస్త కాస్త చేరుతుంది. ఆ మూడో రాత్రికి కారణం నీ గదిలో దొరకదు, ఊళ్ళో చూపించాలి. అందుకే ముందు నువ్వు అతిథిని ఇంట్లోంచి బయటికి పంపడం నేర్చుకో.

మొదటి పొరపాటు వంటింటి దగ్గరే జరుగుతుంది. మూడు పూటలా మనమే పెడితే ఆ డబ్బూ మనకే కదా అని అల్లుడు గారు లెక్క వేస్తారు. వేయనీ. నువ్వు మాత్రం పొద్దున టిఫిన్, ముందే చెప్పినవాళ్ళకి రాత్రి చేపల కూర, అంతటితో ఆపు. మధ్యాహ్నం బజార్లో తిననీ. ఉప్మా మీద ఘుగుని, అదే బఠాణీల కూర, పోసుకుని తినడం మనకి పుట్టినప్పటి నుంచీ అలవాటు. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళకి అదే పెద్ద విశేషం.

చేపలు మాత్రం బరంపురం కోల్డ్ స్టోరేజీ నుంచి తెప్పించకు. పొద్దున ఐదున్నరకి ఒడ్డుకి వెళ్ళు. ఒడియావాళ్ళు నోలియాలంటారే, ఆ జాలర్లు మన తెలుగువాళ్ళే. వాళ్ళ పడవలు వచ్చే వేళ అది. ఇసకలో గంప దించిన ఆవిడ నువ్వు అడక్కుండానే చేప మొప్ప బొటనవేలితో ఎత్తి చూపిస్తుంది. లోపల దానిమ్మ గింజ రంగుంటే ఈ పొద్దుటిది. గోధుమరంగు తిరిగితే నిన్నటిది. మొదటి వారం నిన్ను పట్నం పిల్లవని ఎక్కువే చెబుతుంది, ఇచ్చెయ్. రెండో వారం నుంచి మంచి చందువా పడితే పక్కన పెట్టి నీకు కబురు పంపుతుంది. అతిథుల్లో ఇష్టపడిన ఒకరిద్దర్ని కూడా తీసుకెళ్ళు. ఆ గంప దగ్గర చూసిన చేప రాత్రి కంచంలోకి వస్తే వాళ్ళు ఊరంతా చెప్పుకుంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. ఆ రెండు నెలలూ పెద్ద చేప ఉంటుందని ముందే మాట ఇచ్చేయకు. పప్పు, వడియాలు, మామిడికాయ, పఖాళ పెట్టు. ఎండల్లో చద్దన్నం మించింది ఏముంది?

ఇప్పుడు నా సిగ్గుచేటు సంగతి ఒకటి. మీ అత్తకి కూడా పూర్తిగా చెప్పలేదు. ఒక ఏడాది చిలికా సరస్సులో పడవ నడిపే మనిషితో మాట్లాడుకున్నాను, నేను పంపిన ప్రతి మనిషికీ ఇంత అని. ఇక వచ్చినవాళ్ళందరికీ ఒకటే పాట, రంభ వెళ్ళండి, డాల్ఫిన్లు కనిపిస్తాయి అని. డాల్ఫిన్లు ఎక్కువగా ఉండేది సాతపడా వైపు, సరస్సు సముద్రంతో కలిసే దారిలో. అది నాకు తెలుసు. రంభ దగ్గర కొండలున్నాయి, దీవులున్నాయి, శీతాకాలం పక్షులున్నాయి. అవి చాలవా? చాలు. కానీ డాల్ఫిన్ అంటే బేరం త్వరగా కుదిరేది. ఒక రిటైరైన బెంగాలీ మాస్టారు మూడు గంటలు ఎండలో తిరిగొచ్చి, టోపీ తీసి నా బల్ల మీద పెట్టి, “మీ డాల్ఫిన్ ఏదండీ?” అన్నాడు. అంతే, గొడవ చేయలేదు. మూడు రాత్రులకి గది తీసుకున్న మనిషి మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. పడవ కమిషన్ కోసం రెండు రాత్రుల అద్దె పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి ఎవరి దగ్గరా కమిషన్ తీసుకోలేదు. పడవవాడికి, ఆటోవాడికి “నాకేం వద్దు, వాళ్ళకి రేటు తగ్గించు, ఉన్నదే చెప్పు” అన్నాను. నన్ను పిచ్చివాడనుకున్నారు. తర్వాత వాళ్ళే స్టేషన్‌లో దిగినవాళ్ళని మన లాడ్జికి తెచ్చి దించేవారు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో తాబేళ్ళ కోసం ఫోన్లు వస్తాయి. గంజాం ఊరి దగ్గర రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుంపులుగా గుడ్లు పెడతాయి. 2025లో దాదాపు 7 లక్షలు వచ్చాయి. అన్ని ఏడాదులూ అలా రావు, ఏ రాత్రి వస్తాయో కూడా ముందే చెప్పలేం. కాబట్టి తాబేలు చూపిస్తానని ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకు, డాల్ఫిన్ కథ గుర్తుంచుకో. వెళ్ళేవాళ్ళని అక్కడి పురుణబంధ ఊరి కుర్రాళ్ళతో, అటవీశాఖ వాళ్ళు చెప్పినట్టు పంపు. టార్చి, ఫ్లాష్ వద్దని ఇంటి దగ్గరే చెప్పాలి. నలభై ఐదు, యాభై రోజులకి పిల్లలు బయటికొస్తాయి. వెలుగు ఎటుంటే అటు పాకుతాయి, పాపం సముద్రమనుకుని రోడ్డు మీదికి. తాబేళ్ళ కోసమే నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ మొగ దగ్గర 20 కిలోమీటర్ల మేర వేట ఆపేస్తారు. జాలరి ఇళ్ళలో ఆ ఏడు నెలలూ ఎలా గడుస్తాయో ఆలోచించు. ఆ రోజుల్లో దారి చూపినందుకు నీ అతిథి ఆ జాలరి కుర్రాడికి ఇచ్చే ఐదొందలు చిన్న డబ్బు కాదు. అది నీ బిల్లులో కలపకు, నేరుగా వాడి చేతికే ఇప్పించు.

వానల్లో గదులు ఖాళీగా ఉంటాయని బెంగపడుతున్నావు. వానలంటే మొగలిపూల కాలం కదే! ఛత్రపురం, రంగెయిలుండా వైపు కంచెల నిండా మొగలి పొదలే. ఒడియాలో ఆ మొగలినే కేవుడా అంటారు. గంజాం కేవుడాకి జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతం పేరుతో వచ్చే గుర్తింపు, కూడా ఉంది. తెల్లారకుండా కోసిన పూలు అత్తరు తీసే బట్టీకి చేరతాయి. రాగి డేగిసాలో నీళ్ళూ పూలూ వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద కట్టెలు పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి నీళ్ళ తొట్టిలో ఉన్న పాత్రలోకి దిగుతుంది. ఆ షెడ్డులో పది నిమిషాలు నిలబడితే నీ చీర మర్నాటి దాకా వాసన వేస్తుంది. నాకు తెలిసి ఇది చూపించే హోటల్ ఒక్కటీ లేదు మన ఊళ్ళో. బట్టీవాళ్ళు నాకు తెలుసు, ఒక మాట చెబుతా. చిన్న సీసాలు కొనిపించు, పెద్దవి వద్దు, రైల్లో పగిలిపోతాయి.

పట్టుచీరలంటే వాళ్ళని బరంపురం నేత వీధులకే పంపు, మగ్గం చూసి కొననీ. ఒడ్డున అమ్మే గవ్వల దండల్లో చాలా వరకు ఎక్కడినుంచో లారీల్లో వచ్చేవే, అవి నీ గదిలో పెట్టకు.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. స్నానం. మన సముద్రం చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ అల ఒడ్డు దగ్గరే విరిగి కాళ్ళ కింద ఇసకని లాగేస్తుంది. ఈతొచ్చినవాడినీ లాగుతుంది. నోలియా మనిషి పక్కన లేకుండా మోకాలు దాటి దిగొద్దని తాళం చెవి ఇచ్చేటప్పుడే చెప్పు. తాగినవాళ్ళకి రెండుసార్లు చెప్పు. ఆ నోలియాకి ఇచ్చే డబ్బు దగ్గర బేరమాడొద్దని కూడా.

డబ్బు లెక్క. మన సీజను దసరాతో మొదలవుతుంది, తుపాన్లదీ అదే సీజను. ఫైలిన్ 2013 అక్టోబరు 12న మన నెత్తి మీదే తీరం దాటింది, సరిగ్గా పూజల్లో. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు దాటింది. రెండుసార్లూ గదులన్నీ బుక్ అయి ఉన్నాయి. ఫైలిన్‌కి మా పైకప్పు రేకులు పక్క వీధిలో దొరికాయి. ఆ పరిస్థితిలోనూ అడ్వాన్సులు తిరిగి పంపాను, రెండు నెలలు పట్టినా సరే. వాళ్ళలో నాలుగు కుటుంబాలు మరుసటేడు వచ్చాయి. కాబట్టి దసరా అడ్వాన్సుని పండగయ్యేదాకా ముట్టుకోకు, విడిగా బ్యాంకులో ఉంచు. ఆ డబ్బుతో ఏసీలు కొందామని అల్లుడు గారు అంటే నా పేరు చెప్పు.

కాగితాల పని విసుగే, తప్పదు. హోమ్‌స్టే రిజిస్ట్రేషన్, తిండి పెడుతున్నావు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత వాళ్ళ దగ్గర నమోదు, విదేశీయులు దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వాళ్ళ వివరాల ఫారం, ఇదివరకు సి-ఫారం అనేవారు. ఈ ఫారం సంగతి మరిచి నేనొకసారి ఆఫీసుల చుట్టూ తిరిగాను, ఆ కథ వచ్చినప్పుడు చెబుతా.

కార్తీకంలో అత్తా నేనూ వస్తాం. వెనక గది మాకు ఉంచు, అద్దె తీసుకుంటేనే దిగుతాం. ఈలోగా పెరటి బావి నీళ్ళు ఒక సీసాలో పట్టి, వారం వారం వచ్చే ఆ ఆటో కుర్రాడితో పంపు. ఉప్పెంతుందో చూసి మోటారు ఏది కొనాలో చెబుతా. అప్పటిదాకా ప్లంబరుకి డబ్బు ఇవ్వకు.

మీ మావయ్య