ఆ మంచికి ఖరీదు ఎవరు కట్టారు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. ఆకాశంలో ఎగిరే నీ నాయకుడు తాగుతాడు, అబద్ధాలాడతాడు, ఒకచోట లంచం కూడా పుచ్చుకుంటాడు. అతను మంచివాడో చెడ్డవాడో పాఠకుడు తేల్చుకోలేకపోవాలని నీ తాపత్రయం. కానీ ఆ తాగుడూ లంచమూ తీసేసి చూడు, కథలో వెంట్రుకంత మార్పు రాదు. అతను చేసే మంచి వల్ల ఎవరికీ నష్టం లేదు, చెడు వల్ల ఎవరికీ మేలు లేదు. దేని దారి దానిదే. చిక్కంతా ఇక్కడే ఉంది.

2004లో పిక్సార్ సంస్థ తీసిన ‘ది ఇన్‌క్రెడిబుల్స్’ నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు. బ్రాడ్ బర్డ్ రాసి, దర్శకత్వం వహించిన యానిమేషన్ చిత్రం. పిల్లల సినిమా అని పక్కన పెట్టకుండా, ఈసారి రాసేవాడి కళ్లతో చూడు.

మొదట్లోనే ఒకాయన ఎత్తయిన భవనం మీద నుంచి దూకుతాడు. కథానాయకుడైన సూపర్ హీరో మిస్టర్ ఇన్‌క్రెడిబుల్ గాలిలోనే ఆయన్ను పట్టుకుని, అద్దాలు పగులగొట్టుకుంటూ భవనంలోకి దూసుకుపోతాడు. ప్రాణం నిలిచింది. అయితే ఆయన కాలు జారి పడలేదు, చావాలనే దూకాడు. మెడకు పట్టీతో వచ్చి, నన్ను కాపాడలేదు, నా చావును చెడగొట్టాడని నాయకుడి మీద దావా వేస్తాడు. ఆ వెనకే, అదే రోజు అతను ఆపిన రైల్లో గాయపడినవాళ్లూ కోర్టుకెక్కుతారు. పరిహారాలు కట్టలేక, జనం కోపానికి తట్టుకోలేక ప్రభుత్వం సూపర్ హీరోలందరినీ మారుపేర్లతో మామూలు మనుషుల్లో కలిపేస్తుంది.

ఇందులో నాయకుడి తప్పేముంది? కిందపడుతున్న మనిషిని చూస్తూ ఊరుకోగలడా? ఊరుకోలేడు. అయినా ఆ మంచితనానికి మూల్యం చెల్లించింది వేరొకరి మెడ. తాగుబోతుతనం ఇవ్వలేని బరువు ఈ ఒక్క దావాతో వచ్చింది.

పదిహేనేళ్ల తర్వాత అదే మనిషి బాబ్ పార్ అనే పేరుతో బీమా కంపెనీలో పనిచేస్తుంటాడు. పరిహారం రాక దిగులుతో కూర్చున్న ముసలావిడకు, ఏ కాగితం ఏ అంతస్తులో ఎవరికి ఇవ్వాలో గొంతు తగ్గించి చెబుతాడు. పైకి మాత్రం, క్షమించండి, మీ బాధ నాకు తెలుసండీ అని అందరికీ వినిపించేలా అంటాడు. కండబలంతో పని లేని ఈ సాయమే సినిమా మొత్తంలో అతను చేసిన గొప్ప పనుల్లో ఒకటని నా అభిప్రాయం. మరో రోజు పైఅధికారి పిలుస్తాడు. కిటికీ అవతల సందులో ఒకణ్ని కొట్టి దోచుకుంటున్నారు. వెళ్లబోయిన బాబ్‌ను, గడప దాటితే ఉద్యోగం ఊడుతుందని అధికారి ఆపేస్తాడు. దొంగ పారిపోతాడు. బాబ్ అధికారి గొంతు పట్టుకుని విసిరితే ఆ మనిషి వరసగా గోడలు చీల్చుకుంటూ వెళ్లి ఆస్పత్రిపాలవుతాడు.

ఈ రెండు పనులకూ మూలం ఒకటే, కళ్లెదుట అన్యాయాన్ని చూసి ఊరుకోలేకపోవడం. మంచీ చెడూ ఒకే చేతి నుంచి రావాలి. నీ నాయకుడికేమో రెండు చేతులూ వేరు వేరు మనుషులవిలా ఉన్నాయి. పైగా ఇక్కడ లెక్క అధికారితో ఆగదు. ఇలా జరిగిన ప్రతిసారీ దాన్ని కప్పిపుచ్చడానికి ప్రభుత్వం డబ్బు పోయాలి, చూసినవాళ్ల జ్ఞాపకాలు చెరిపేయాలి, బాబ్ భార్యాబిడ్డలు ఊరు మారాలి. ఉన్నట్టుండి బడి మారాల్సిన పిల్లల్ని అతను అడిగాడా?

బడ్డీ అనే కుర్రవాడి సంగతి కూడా చూడు. నాయకుడంటే ప్రాణం, సాయం చేస్తానని వెంటపడతాడు. నేను ఒంటరిగానే పనిచేస్తానని చెప్పి, బాబ్ అతన్ని పోలీసులతో ఇంటికి పంపిస్తాడు. బాంబులు పేలుతున్నచోట పిల్లవాడికి ఎవరైనా అదే చెబుతారు. ఆ పిల్లవాడే పెరిగి సిండ్రోమ్ అవుతాడు, తన యంత్రానికి పదును పెట్టడానికి పాత హీరోలను ఒక్కొక్కరినీ చంపిస్తాడు. ఆ హత్యలు బాబ్ నెత్తిన వేయడం అన్యాయం. అయినా బర్డ్ ఆ గాయపడ్డవాడి నోరు నొక్కలేదు. మన కిష్కింధకాండలో బాణం తగిలి పడ్డ వాలి రాముణ్ని నిలదీస్తాడు కదా, ఆ ప్రశ్నలన్నీ కవి వదలకుండా వినిపించాడు కాబట్టే ఇన్ని తరాలుగా మనం వాదించుకుంటున్నాం. ఎదుటివాడికి మాట్లాడే అవకాశం ఇవ్వు, అతను దుర్మార్గుడైనా సరే.

అన్నిటికంటే నన్ను పట్టి ఉంచే ఘట్టం ఇంకొకటి. భార్యాబిడ్డలు క్షిపణి దాడిలో చనిపోయారనుకున్న బాబ్, సిండ్రోమ్ సహాయకురాలు మిరాజ్‌ను పట్టుకుంటాడు. నన్ను వదలకపోతే ఈమెను నలిపేస్తానంటాడు. నలిపెయ్యి అంటాడు సిండ్రోమ్. అంత దుఃఖంలోనూ అతని చేయి వదులవుతుంది. సిండ్రోమ్‌కు అది చేతకానితనం, మిరాజ్‌కు అదే కళ్లు తెరిపించిన క్షణం. తర్వాత ఆమె వచ్చి కట్లు విప్పితే, మొదట ఆమె గొంతే పట్టుకుంటాడు. మంచితనం ఒకసారి గెలిచినంత మాత్రాన కోపం చల్లారిపోదని ఎంత నిజాయితీగా చూపించాడో గమనించు.

చివర్లో మాత్రం సినిమా జంకిందని నాకనిపిస్తుంది. బాబ్ కారు విసురుతాడు, సిండ్రోమ్ పట్టు తప్పుతాడు, భుజాల మీది వస్త్రం విమానం ఇంజన్‌లో చిక్కుకుని చనిపోతాడు. ఆ వస్త్రం ప్రమాదకరమని దుస్తులు కుట్టే ఎడ్నా చేత ముందే చెప్పించారు కాబట్టి కథనం బిగువుగానే ఉంది. కానీ ఆ చావులో నీ వాటా ఎంత అని బాబ్‌ను ఎవరూ అడగరు. మెడపట్టీ వేసుకున్న ఆయన కూడా మళ్లీ కనబడడు.

ఇక నీ మూడో అధ్యాయం. వంతెన మీద పట్టు తప్పిన బస్సును నీ నాయకుడు ఆపాడు, ప్రయాణికులందరూ బతికారు. ఆ అదురుకు విరిగిన గోడ కింద ఉన్న చేపల బండి మీద పడిందని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయావు. ఆ బండి ఎవరిది? ఆమెకు పేరు పెట్టు, అప్పు పెట్టు, సాయంత్రానికి ఎదురుచూసే ఇల్లు పెట్టు. మర్నాడు నీ నాయకుణ్ని ఆమె ముందుకు పంపు. బస్సులోని ప్రాణాలతో నా బండికి పోలికేమిటని ఆమె చేత ఒప్పించేయకు. అతని చేత వెంటనే డబ్బూ ఇప్పించకు. ఇద్దరినీ కాసేపు మాట్లాడుకోనివ్వు.

తాగుడు, లంచం ఉన్న పేజీలు తీసేసి, ఆ ఒక్క అధ్యాయం కొత్తగా రాసి పంపు. మిగతా కథ గురించి అది చదివాక మాట్లాడుకుందాం.