మోకాళ్ళ నొప్పులొచ్చాయని అక్వేరియం తీసేయాలా?

మీకు 63 ఏళ్ళని, కరీంనగర్‌లో ఉంటారని, నాలుగడుగుల ట్యాంకులో ఒక ఆస్కార్, రెండు సక్కర్ చేపలు ఉన్నాయని రాశారు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక "ఇక తీసేయండి నాన్నా" అని పిల్లలు పోరుతున్నారట. తీసేయకండి, ట్యాంకును మార్చండి. నాకు 69 ఏళ్ళు, హనుమకొండలో ఉంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదలైన చేపల పెంపకం పదవీ విరమణ తరువాతా సాగుతోంది. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ఈ వయసులో మనల్ని ఓడించేది నీళ్ళ బరువు. లీటరు నీళ్ళంటే కిలో. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 250 లీటర్లు పడతాయి. అందులో పావు వంతు మార్చాలంటే 60 లీటర్లకు పైగా బయటికి మోయాలి, మళ్ళీ అంతా లోపలికి మోయాలి. వెరసి 120 కిలోలు. అదీ తడి గచ్చు మీద నడుస్తూ, స్టూలెక్కి వంగుతూ. మీ పిల్లలు ఆ స్టూలును చూసే భయపడుతుంటారు. ఆ భయం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకండి.

అందుకని ముందు బకెట్‌ను మానేయండి. నేను సైఫన్ గొట్టానికి (ట్యాంకులోంచి నీళ్ళను లాగి కిందికి వదిలే గొట్టం) పొడవాటి పైపు తగిలించి కిటికీలోంచి పెరట్లోకి వదులుతాను. ఆ నీళ్ళు కరివేపాకు చెట్టుకు, మల్లె పాదులకు పోతాయి. చేపల వ్యర్థాలు కలిసిన నీరు మొక్కలకు మంచి ఎరువు. ట్యాంకులో ఉప్పో మందో వేసిన వారం మాత్రం మురుగు కాలువలోకి వదలండి. లోపలికి నింపడానికి ఒక ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టుకున్నాను. కుళాయి నీళ్ళు అందులో ఒక రోజు మూత లేకుండా నిలవ ఉంటే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. తొందరగా ఉంటే దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేస్తాను. మన ఎయిర్ కూలర్లలో వాడే చిన్న మోటారు కొత్తది ఒకటి కొని డ్రమ్ములో వేసి, దాని పైపును ట్యాంకు అంచుకు కట్టేస్తే నీళ్ళు వాటంతటవే ఎక్కుతాయి. మోటారు తిరుగుతున్నప్పుడు నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు. ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు కూడా అన్ని స్విచ్చులూ కట్టేయాలి. ప్రతి వైరూ సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా అమర్చితే, వైరు వెంట జారిన చుక్క సాకెట్‌లోకి పోకుండా కిందే రాలిపోతుంది.

ఇక ట్యాంకు సంగతి. పెద్దవాళ్ళకు చిన్న గాజు గిన్నె చాలని చాలామంది సలహా ఇస్తారు. నేను గట్టిగా కాదంటాను. నీళ్ళు ఎంత తక్కువైతే అంత త్వరగా చెడిపోతాయి, అంత త్వరగా వేడెక్కుతాయి. గిన్నెను కాపాడటం పెద్ద ట్యాంకు కన్నా కష్టం. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు ఉన్నది చేయించుకోండి. సుమారు 100 లీటర్లు పడతాయి. ముఖ్యంగా చూడవలసింది ఎత్తు. నేల మీద నిలబడితేనే చెయ్యి ట్యాంకు అడుగుభాగానికి అందాలి, స్టూలు అవసరమే రాకూడదు. ఎదురుగా చేతులున్న కుర్చీ వేసుకుంటే సగం పని కూర్చునే చేయవచ్చు. చేపలను తక్కువగా ఉంచి, జావా ఫెర్న్, అనూబియాస్ లాంటి నెమ్మదిగా పెరిగే మొక్కలను రాళ్ళకు కట్టేస్తే కత్తిరించే పని కూడా అంతగా ఉండదు.

మీ ఆస్కార్‌కు ఆ ట్యాంకు సరిపోదు. అది అడుగు పొడవు దాకా పెరుగుతుంది, పదేళ్ళకు పైగా బతుకుతుంది. దాన్ని, సక్కర్లను పెద్ద ట్యాంకు ఉన్న మరొకరికి ఇవ్వడమే మేలు. బాధగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ వాటిని ఎత్తలేని రోజు వచ్చాక కంగారుగా ఇవ్వడం కన్నా, ఓపిక ఉండగానే మంచి చోటు చూసి ఇవ్వడం వాటికే క్షేమం. ఏమైనా సరే, సక్కర్ చేపలను మానేరులోనో, ఊరి చెరువులోనో వదలకండి. అవి దక్షిణ అమెరికా నుంచి వచ్చినవి. తెలుగు రాష్ట్రాల చెరువుల్లో ఇప్పటికే చేరి జాలరుల వలలు చించుతున్నాయి, మన చేపల మేత, చోటు లాక్కుంటున్నాయి.

కొత్తగా కొనేటప్పుడు వాటి ఆయుష్షును కూడా అడగండి. గోల్డ్‌ఫిష్ బాగా చూసుకుంటే 10 నుంచి 15 ఏళ్ళు బతుకుతుంది. గప్పీలకు రెండు మూడేళ్ళే. బోరు నీళ్ళు కఠినంగా, అంటే సున్నం లాంటి లవణాలు ఎక్కువగా ఉన్న ఇళ్ళలో గప్పీలు, మోలీలు, ప్లాటీలు హాయిగా ఉంటాయి. చిన్నవే అయినా పిల్లలు పెడుతూనే ఉంటాయి కాబట్టి ట్యాంకు ఎప్పుడూ బోసిపోదు. ఏయే చేపలు ఉన్నాయో, మేత ఎంతో, ఫిల్టర్ ఎలా కడగాలో ఒక కాగితం మీద రాసి ట్యాంకు పక్కన అంటించండి. మనం ఆసుపత్రిలో ఉంటే ఇంట్లోవాళ్ళకు అదే దిక్కు. అందులో ఒక మాట పెద్ద అక్షరాలతో రాయండి: ఫిల్టర్‌లోని స్పాంజిని కుళాయి కింద కడగకూడదు. చేపల నుంచి వచ్చే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ఉండేది అందులోనే. ట్యాంకులోంచి తీసిన నీళ్ళలో పిండితే చాలు. ప్రేమతో సాయం చేయబోయి పిల్లలు శుభ్రంగా తోమిపెట్టిన ఫిల్టర్ వల్లనే ఎన్నో ఇళ్ళలో చేపలు పోతాయి.

మేత వేశానో లేదో గుర్తుండకపోతే వారం మాత్రల డబ్బా ఒకటి దానికే కేటాయించండి. ఆ రోజు గడి ఖాళీ అయితే వేసినట్టే. ఊరెళ్ళినప్పుడు ఎదిగిన చేపలు వారం రోజులు మేత లేకుండా ఉండగలవు. పక్కింటివారికి మేత డబ్బా మొత్తం అప్పగించకండి.

చేతుల విషయం అశ్రద్ధ చేయకండి. చక్కెర వ్యాధి ఉన్నా, వేళ్ళ మీద గాయం ఉన్నా మోచేతి దాకా వచ్చే రబ్బరు తొడుగులు వేసుకోండి. మైకోబ్యాక్టీరియం మారినం అనే సూక్ష్మజీవి గాయంలోంచి చేరితే మానని బొడిపెలు వస్తాయి, నెలల తరబడి మందులు వాడాలి. అలాంటిది కనిపిస్తే చేపలు పెంచుతున్నానని డాక్టరుకు మీరే చెప్పండి. ఆ మాట వింటే సరైన పరీక్ష రాస్తారు.

ట్యాంకు మార్చే పని ఎండాకాలంలో పెట్టుకోకండి. మన దగ్గర మే నెలలో 45 డిగ్రీల దాకా పోతుంది, వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది, చేపలకు అప్పటికే ఊపిరి కష్టంగా ఉంటుంది. ఆ రోజుల్లో మూత తీసి వల కప్పి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పడం, కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టడం, అంతవరకే. వానలు తగ్గాక, దసరా దీపావళి నడుమ మార్చుకోండి. బరువు ఎత్తడానికి ఇద్దరు కుర్రాళ్ళను పిలిపించండి. పాత ఫిల్టర్‌ను ఆరనివ్వకుండా అదే రోజు కొత్త ట్యాంకులో పెడితే బ్యాక్టీరియా బతికే ఉంటుంది. మీ ఇంట్లో బోరు నీళ్ళా, మిషన్ భగీరథ నీళ్ళా అన్నది రాయండి, ఏ చేపలు తెచ్చుకుంటే బాగుంటుందో చెబుతాను.