డాష్‌బోర్డు బాగుచేసిన అబ్బాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. మా బావగారి పాత పికప్‌ బండి డాష్‌బోర్డు తెల్లబారి బీటలు వారితే, వేసవంతా కూర్చుని కొత్తదానిలా చేశాడు. ఇప్పుడు ప్లస్‌ టూ వద్దు, ఏదైనా షెడ్డులో చేరి ఇదే పని నేర్చుకుంటానంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ వాడు చేసింది చిన్న పనేం కాదండీ. ఎండకు ప్లాస్టిక్‌ పైపొర దెబ్బతిని తెల్లబారుతుంది. దానిమీద రంగు నిలవాలంటే, ఏళ్ల తరబడి పూసిన సిలికాన్‌ పాలిష్‌ జిడ్డు మొత్తం వదిలించాలి. ఏ మూలనైనా కాస్త మిగిలితే అక్కడ రంగు పట్టకుండా చిన్న చిన్న గుంటలు పడుతుంది. తర్వాత సన్నరకం వాటర్‌ పేపరుతో రుద్ది, ప్రైమర్‌ వేసి, రంగు పలచగా పొర మీద పొర కొట్టాలి. ఒక్కో పొర ఆరేదాకా చెయ్యి పెట్టకూడదు. ఈ వయసులో అంత ఓపిక నేను అరుదుగా చూస్తాను.

బీటలు దేనితో అతికాడో వాణ్ని అడగండి. ఊడదీసిన ముక్క వెనకవైపు చిన్న అక్షరాల్లో అది ఏ ప్లాస్టికో చాలాసార్లు అచ్చు వేసి ఉంటుంది. ఏబీఎస్‌ అనే రకం అయితే అసిటోన్‌లో కరుగుతుంది. అదే రకం ముక్కల్ని అందులో కరిగించి, ఆ ముద్దతో బీట పూడ్చొచ్చు. పీపీ, అంటే పాలీప్రొపిలీన్‌ అయితే అసిటోన్‌కు లొంగదు, మామూలు జిగురూ పట్టదు. వేడితో వెల్డింగ్‌ చేయాలి. ఈ తేడా వాడంతట వాడే పట్టుకుని, ఎందుకలా అని అడిగే రకమైతే సిపెట్‌కు, అంటే ప్లాస్టిక్‌ చదువులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థకు, ప్రవేశ పరీక్ష రాయించండి. ప్లాస్టిక్‌ టెక్నాలజీలోనూ, అచ్చుల తయారీలోనూ పదో తరగతి తర్వాత 3 ఏళ్ల డిప్లొమాలున్నాయి. భువనేశ్వర్‌, బాలాసోర్‌, ఇటు విజయవాడలోనూ కేంద్రాలున్నాయి. ఇలాంటి భాగాలు అచ్చులో ఎలా తయారవుతాయో అక్కడ నేర్పుతారు.

అలా కాకుండా బండి చుట్టూ తిరగడమే వాడికిష్టమైతే ఐటీఐ మంచిది. ఒడిశాలో సామ్స్‌ అనే ప్రభుత్వ ఆన్‌లైన్‌ ప్రవేశాల పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఆటో బాడీ పెయింటింగ్‌ ట్రేడు కూడా ఉంది కానీ, నా ఓటు 2 ఏళ్ల మోటార్‌ వెహికల్‌ మెకానిక్‌కే. డాష్‌బోర్డు ఊడదీస్తే వెనకంతా వైరింగే కదా! పైగా మీ ఊళ్లో డాష్‌బోర్డుల మీదే షాపు నడవదు. వైరింగు, పెయింటింగు, సీటు కవర్లు కలిస్తేనే గిట్టుబాటు. ఐటీఐ అయ్యాక స్టైపెండ్‌తో అప్రెంటిస్‌గా చేరొచ్చు, లేటరల్‌ ఎంట్రీలో డిప్లొమా రెండో ఏడులోకీ వెళ్లొచ్చు.

పాతపట్నం పక్కనే కదా అని ఆంధ్రాలో వేద్దామనుకుంటే, ముందు స్థానికత నిబంధనలు కనుక్కోండి. మీది ఒడిశా కాబట్టి అక్కడ నాన్‌లోకల్‌ కింద పడే అవకాశముంది.

షెడ్డులో ఇప్పుడే చేర్చడానికి మాత్రం నేను ఒప్పుకోను. పని వస్తుంది, చేతిలో సర్టిఫికెట్‌ ఉండదు. సీటు వచ్చేలోగా ఇంటి దగ్గరే చేయనివ్వండి. థిన్నర్‌, అసిటోన్‌ ముట్టేటప్పుడు మూసిన గదిలో వద్దు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్‌ మాస్కు కొనివ్వండి, గుడ్డ మాస్కు పనికిరాదు.